నున్నటి గోడలు: ఏలూరు నుంచి గూడెం దాకా

కొల్లేరు వైపు వెళ్లేవాళ్లు మామూలుగా పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు, లేకపోతే చేపలు తినడానికి వెళ్తారు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను. దారిలో పక్షుల్నీ చూశాను, చేపలూ తిన్నాను. తప్పు చేసినవాడికి ముద్ద దిగదంటారు గానీ నాకు మూడు రోజులూ బాగానే దిగింది.

నేరం ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను బిల్డింగు ఇంజినీర్ని. పుట్టింది అనంతపురం జిల్లా, బతుకుతున్నది హైదరాబాదులో. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊళ్లో చర్చికి కొత్త హాలు నేనే డిజైను చేశాను. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. అంతకు ముందు అక్కడ దొరల కాలం నాటి చర్చి ఉండేది. సున్నం గోడలు, పెంకు కప్పు, దాని కింద తాటాకు చాపల సీలింగు, నేల మీద తుంగ చాపలు. జనం చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చునేవాళ్లు. అది చూసి నాకు జాలేసింది. ఇంజినీరుకి జాలేస్తే ఎంత ప్రమాదమో ఆ ఊరివాళ్లకి అప్పటికి తెలియదు.

పాతది తీయించి కాంక్రీటు శ్లాబు వేయించాను. నేలకి గ్రానైటు, కిటికీలకి పెద్ద పెద్ద అద్దాలు, గోడలకి కింది నుంచి పైదాకా నున్నటి తెల్ల టైల్స్. తుంగ చాపలు పరుస్తామని ఆడవాళ్లు అడిగితే, "గ్రానైటు కనపడదమ్మా" అని ప్లాస్టిక్ కుర్చీలు కొనిపించాను. ప్రారంభం రోజు టెంటుహౌసు వాళ్లు గోడల నిండా రంగు గుడ్డలు కట్టారు, నేల మీద జంబుఖానాలు పరిచారు, జనం కిక్కిరిసిపోయారు. పాస్టరు గారి ప్రసంగం చివరి వరస దాకా అక్షరం అక్షరం వినపడింది. నాకు శాలువా కప్పారు. ఆ మర్నాడు టెంటుహౌసు వాళ్లు గుడ్డలు విప్పుకుని వెళ్లిపోయారు. వాటితో పాటు నా హాలు గొప్పతనం కూడా లారీ ఎక్కి వెళ్లిపోయింది.

రెండో వారమే సంఘం కార్యదర్శి సుజాత టీచరు గారు ఫోను చేశారు. "లోపల కొంచెం గింగురుమంటోందండీ," అన్నారు. అది ఎందుకో నాకు ఆ క్షణమే తెలుసు. మాట గోడకి తగిలితే గోడ రెండే పనులు చేయగలదు. మింగుతుంది, లేదా తిరిగి పంపుతుంది. గుడ్డ, చాప, సున్నం, పెంకు, మనుషుల ఒంటి మీది బట్టలు, ఇవన్నీ ఎంతో కొంత మింగుతాయి. టైలు, అద్దం, గ్రానైటు తమకి వచ్చిందంతా వెనక్కి ఇచ్చేస్తాయి. అలా తిరిగొచ్చిన మాట వెళ్తున్న మాట మీద పడుతుంది. ఇది కాలేజీలో చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకున్న విషయం. టీచరు గారితో మాత్రం, "కొత్త సిమెంటు కదండీ, ఆరితే తగ్గుతుంది," అన్నాను.

కొన్ని నెలలకి పాస్టరు దైవాశీర్వాదం గారి నుంచి ఉత్తరం వచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరి. కొత్త మందిరంలో తన మాట ఎవరికీ అర్థం కావడం లేదని, గొంతు పాడైనట్టుందని, హైదరాబాదులో నాకు తెలిసిన గొంతు డాక్టరు ఉంటే అడ్రసు పంపమని రాశారు. నేను రెండు రోజులు ఆలోచించాను. తర్వాత డాక్టరు అడ్రసు పంపాను. పిన్‌కోడుతో సహా.

ఏడాది పైన గడిచింది. ఒక బుధవారం సాయంత్రం మళ్లీ టీచరు గారి ఫోను. "ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంటోందండీ. పాస్టరు అయ్యగారికి విశ్రాంతి ఇద్దామంటున్నారు. పేరుకే విశ్రాంతండి, పంపించేయడమే. ఆయన కూడా సరేనన్నారు. హాలు కట్టించినవారు కదా, వీడ్కోలుకి మీరొస్తే బాగుంటుందని పెద్దలు చెప్పమన్నారు."

నేను చేసిన తప్పుకి ఇంకొకర్ని తీసేస్తున్నారు. దానికి ముఖ్య అతిథిని నేను. వస్తానన్నాను.

ఏలూరు: చప్పట్లు

ఆదివారానికి ఇంకా మూడు రోజులుండగా నేరుగా ఆ ఊరికే వెళ్లి ఉండవచ్చు. ఒట్టి చేతుల్తో వెళ్లకూడదు, హాలు బాగుచేసే చవక మార్గం ఏదో వెతికి తీసుకెళ్లాలి అని నాకు నేను చెప్పుకుని శుక్రవారం ఏలూరులో దిగాను. నిజమేమిటంటే క్షమాపణ ఇంకో రెండు రోజులు వాయిదా పడుతుంది.

గదిలో చప్పుడు ఎంతసేపు నిలుస్తుందో తెలుసుకోవడానికి యంత్రాలున్నాయి. నా దగ్గర రెండు చేతులున్నాయి. ఒక్క చప్పట కొట్టి, అది చచ్చేదాకా వినడం. లాడ్జి గదిలో కొట్టాను. గోడలకి టైల్సే. చప్పుడు బాత్రూంలోకి వెళ్లి తిరిగొచ్చింది. మేనేజరు మురిసిపోతూ, "రూములన్నీ కొత్తగా చేయించామండీ, ఎక్కడా సున్నం లేదు," అన్నాడు. సోదరుణ్ణి కలిసినట్టు అనిపించింది.

పొద్దున్న టిఫిను హోటల్లో పెసరట్టు, ఉప్మా తిన్నాను. మా వైపు ఉగ్గాని, బజ్జీ తిని పెరిగినవాడికి పెసరట్టు లోపల ఉప్మా పెట్టడం మొదట అనుమానంగానే ఉంటుంది; రెండోది తెప్పించుకున్నాక అనుమానం పోయింది. టీ మూడు రూపాయలు. స్టీలు ప్లేట్లు, రాతి బల్లలు, టైల్స్ గోడలు, పైన శ్లాబు. ఇడ్లీ అడిగిన మనిషికీ వడ అడిగిన మనిషికీ తేడా తెలియనంత రొద. అలవాటుగా చప్పట కొట్టాను. సర్వరు వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్ల మనిషి.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దు."

"మరి చప్పట్లు కొట్టేరు?"

"గది ఎలా పలుకుతుందో చూశానండీ."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గది పలకదండీ. నేనే పలకాలి. ఈసారి పేరెట్టి పిలవండి. రాంబాబండి నా పేరు." ఏలూరులో తిట్లు కూడా అండీ వేసుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకుని బయటికొస్తాయి. మా అనంతపురంలో అయితే ఇదే విషయం ఒక్క మాటలో తేలిపోయేది.

ఉన్ని చాటున

ఏలూరు తివాచీలు పేరు మోసినవి. ఒక సందులో కరీం సాయిబు గారి మగ్గాల షెడ్డు చూపించారు. డెబ్బయ్యేళ్ల మనిషి, నూలుబంతి పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నారు. లోపల అడుగు పెట్టగానే చెవుల్లో దూది పెట్టినట్టయింది. దండేల మీద ఉన్ని నూలు కట్టలు, గోడలకి ఆనించి చుట్టలు చుట్టిన తివాచీలు. మగ్గం ముందు ముగ్గురు కూర్చున్నారు. ఒకతను కాగితం మీది అల్లిక చూసి చదువుతున్నాడు: "రెండు ఎరుపు, ఒకటి నీలం, మూడు తెలుపు." మిగతా ఇద్దరూ ముడులు వేస్తున్నారు. అతను పక్కింటి మనిషితో ముచ్చటాడినంత మెల్లగా చదువుతున్నాడు. షెడ్డు ఆ చివర నిలబడ్డ నాకు ప్రతి రంగూ విడిగా వినపడింది.

చర్చి హాలు సంగతి చెప్పి, అనుమతి అడిగి చప్పట కొట్టాను. చప్పుడు చేతుల్లోనే ఆగిపోయింది.

"మా దగ్గర అరిస్తే లాభం ఉండదండి," అన్నారు సాయిబు గారు. "ఉన్ని తాగేస్తది. అందుకే మా వాళ్లంతా నెమ్మదిగా మాట్లాడతారు. పెళ్లిచూపులకి వెళ్తే, పిల్లోడికి గొంతు లేదేంటండీ అంటారు." ఆయన నవ్వి, "మీ హాలు గోడకి ఏం వేశారండీ?" అని అడిగారు.

"టైల్స్."

"నడుం దాకానా?"

"పైదాకా."

ఆయన చేతిలో బంతి ఆగింది. "లోపల నీళ్లు పోసి కడుగుతారాండీ?"

"లేదండీ."

"మరి దేనికండీ?"

డిజైను కాగితాల మీద దీనికి నేను ఒక పేజీ రాశాను. ఆ పేజీలో ఒక్క మాట కూడా ఆ షెడ్డులో నా నోటికి రాలేదు. "చూడ్డానికండీ," అన్నాను.

"అలాగాండీ. చర్చికి వినడానికి వెళ్తారనుకున్నాను. నేను సాయిబుని, నాకు తెలీదులెండి."

హాలంతా తివాచీ వేస్తే ఎంతవుతుందని అడిగాను. "ధర సంగతి తర్వాతండి. మా వాళ్లు మనవల్ని ఎత్తేదాకా నేయాలి," అన్నారు. ఈ మధ్య జనం తివాచీ కొని బీరువాలో పెట్టుకుంటున్నారట, నేల మీద వేస్తే కింద టైల్స్ కనపడవని. ఆ వ్యాధిని ఊరూరా పంచిన వాళ్లలో ఒకడు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడని ఆయనకి చెప్పలేదు. "చవగ్గా కావాలంటే కొల్లేరు పొండి. అక్కడ కిక్కిస గడ్డితో దడులు కడతారు," అన్నారు.

కొల్లేరు: బెత్తెడు ఎడం

శనివారం పొద్దున్న దోనెలో కొల్లేట్లోకి వెళ్లాను. దోనె నడిపిన రాఘవులికి నలభై ఏళ్లుంటాయి. సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసి ఏడాది దాటింది. తెగిన గట్ల ముక్కలు అక్కడక్కడ నీళ్లలో తేలుతున్న గేదెల్లా ఉన్నాయి. కాస్త దూరంలో మనిషి కంటే ఎత్తున కిక్కిస గడ్డి. దాని అవతల వేల పక్షులు అరుస్తున్నాయి. దోనె కిక్కిసలోకి దూరగానే ఆ అరుపులు ఎవరో తలుపు మూసినట్టు మెత్తబడిపోయాయి. పుస్తకంలో ముప్పయి ఏళ్ల కిందట చదివిన పాఠం. ఇంతకాలానికి దాని మధ్యలో కూర్చున్నాను.

ఇంకో మాట కూడా రాయాలి. రాఘవులు ఇంటి దగ్గర దోనె ఆగగానే పెద్దమనిషిలా ముందు నేనే దిగాను. మోకాళ్ల దాకా బురదలోకి పోయాను. కుడికాలి చెప్పు కొల్లేరుకి వదిలేశాను. రాఘవులు చెయ్యి అందిస్తూ, "ముందు నేను దిగుతానని చెప్పబోయేనండి, మీరు ఇంజినీర్లు కదా, తెలుసనుకున్నాను," అన్నాడు.

అతని ఇంటి గోడలు కిక్కిస దడులే. లోపల అతని అత్తగారు మంగమ్మ గారు కొరమేను పులుసు వండుతున్నారు. చప్పట కొట్టాను. పలకలేదు. గంప కింద కోడి పలికింది.

"ఏంటండీ, కోళ్లని అదిలిస్తన్నారా?" అన్నారామె.

"ఈయన గోడల్ని పరీక్షిస్తన్నారత్తా," అన్నాడు రాఘవులు.

"ఉన్నాయా లేవా అనా?"

పులుసు చింతపండుతో, ఎర్రగా, ఘాటుగా ఉంది. మా వైపు చేప అంటే ఎప్పుడో బుక్కపట్నం చెరువుది వస్తే పండగ. ఇక్కడ చేప లేని పూట ఏదో తప్పు జరిగిన పూట. తింటూ గట్లు పోయాక బతుకు ఎలా ఉందని అడిగాను. సానుభూతి చూపించే హక్కు నాకు ఎక్కడిదో గానీ అడిగాను. మంగమ్మ గారు గరిటె దించకుండా చెప్పారు: "గట్లున్నప్పుడు డబ్బు కనపడేదండి, అది మాది కాదు. ఇప్పుడు నీళ్లు కనపడతన్నాయి. అవీ మావి కావంటన్నారు." తర్వాత నాకు ఇంకో ముక్క వేశారు.

దడులు అమ్మకానికి దొరుకుతాయా అంటే ఒక్కోటి నలభై రూపాయలకి కట్టిస్తానన్నాడు రాఘవులు. ఎన్నో, ఎంత ఎత్తో రాసుకున్నాడు. దేనికని అడిగితే చర్చి గోడలకి ఆనించి బిగించడానికని చెప్పాను.

"ఆనించకండి. గోడకీ దడికీ మధ్య బెత్తెడు ఎడం వదలండి."

"ఎందుకు?"

"ఆనిస్తే చెమ్మ పట్టి కుళ్లుద్దండి. ఎడముంటే గాలాడుద్ది."

నేను రాసుకోవడం ఆపేశాను. శబ్దాన్ని మింగే పొరని గోడకి అంటించకుండా కాస్త ఎడంగా కడితే అది బరువైన మంద్రపు చప్పుళ్లని కూడా మింగుతుంది. ప్రసంగాల్లో మాటని ముంచేసేవి అవే. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను అయిదేళ్లు ఫీజు కట్టి చదివాను, తర్వాత మర్చిపోయాను. రాఘవులు కుళ్లుతుందని నేర్చుకున్నాడు, గుర్తుపెట్టుకున్నాడు.

గూడెం: గోనెల కొట్టు

ఆకివీడు, గణపవరం మీదుగా సాయంత్రానికి తాడేపల్లిగూడెం చేరాను. ఊరు ఊరంతా ఉల్లిపాయల వాసన. లారీలు ఆగే వీధిలో ముందు చెప్పులు కొనుక్కుని, తర్వాత ఒక గోనెసంచుల కొట్టుకి వెళ్లాను. దడుల వెనక వేలాడదీయడానికి పాత గోనెలు చవక. యజమాని సుబ్బారావు గారు, తాతల నాటి వ్యాపారం. కప్పు దాకా పేర్చిన గోనెల మధ్య చిన్న సందులో బల్ల వేసుకుని కూర్చున్నారు. ఆ గోనెల్లో నా మాట నాకే సగం వినపడింది.

ఏ ఊరి చర్చికో చెప్పగానే ఆయన ముఖం మారింది. "అక్కడి పాస్టరు గారు నాకు తెలుసండి. రేపు పంపించేస్తన్నారంటగా, పాపం. గొంతు పోయిందంట."

"గొంతు పోలేదండీ. హాలు కట్టడంలో తప్పు. గోడలు మాటని నిలవనీయవు." వివరంగానే చెప్పాను. అపరిచితుల దగ్గర నాకు నిజాయితీ బాగానే వస్తుంది.

"అంటే తప్పు హాలుది, వీడ్కోలు ఆయనకి." సుబ్బారావు గారు కళ్లద్దాలు తీశారు. "ఇంకో సంగతి చెప్తానుండండి. పోయిన ఏడు ఆయన ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే, బుగ్గన కరక్కాయ పెట్టుకుని నిలబడ్డారండి. నోట మాట లేదు. ఇంటి ధాన్యానికి ఎన్ని గోనెలు కావాలో చీటీ రాసిచ్చేరు. ఏమైందండీ అంటే ఇంకో చీటీ రాసేరు, హైదరాబాదు డాక్టరు నెల రోజులు మాట్లాడొద్దన్నాడని. ఆదివారాలు తప్ప నోరు తెరిచేవారు కాదంట. ఇంట్లో ఆవిడతో కూడా చీటీలేనంట. ఎవరో పుణ్యాత్ముడు ఆ డాక్టరు అడ్రసు ఇచ్చేడంటండి."

నేను గోనెలు లెక్క పెట్టుకుంటున్నట్టు నటించాను. పుణ్యాత్ముణ్ణి నేనేనని చెప్పలేదు. హాలు తప్పు అనడం సులువే. హాలుకి ఇంజినీరు ఉంటాడని అవతలివాళ్లకి తట్టేలోగా బయటపడొచ్చు. డాక్టరు అడ్రసుకి మాత్రం నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఆదివారం

హాలు బయటి నుంచి ఎంతో బాగుంది. అది కట్టింది బయటి నుంచి చూడ్డానికే.

లోపల నూరు మంది దాకా ఉన్నారు, ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. వేదికకి రెండు పక్కలా కొత్త సౌండు బాక్సులు, మనిషంత ఎత్తువి. మాట వినపడటం లేదని చప్పుడు పెంచారు. గోడలు ఆ పెరిగిన చప్పుణ్ణి కూడా అంతే నమ్మకంగా తిరిగిచ్చాయి.

మొదట పాట. నిజం చెప్పాలి, అద్భుతంగా ఉంది. ఒక స్వరం ఆగకముందే ఇంకోటి వచ్చి కలిసి, నూరు మంది వెయ్యి మందిలా పలికారు. అయ్యగారి మీద తీర్పు ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. పాట బాగుంది, కాబట్టి హాలు బాగుంది. ప్రసంగం బాగా లేదు, కాబట్టి ప్రసంగించేవాడు బాగా లేడు. ఇందులో ఎక్కడా లోపం కనపడదు. కనపడాల్సింది ఒక్క ఇంజినీరుకి, వాడు హైదరాబాదులో కూర్చుని సిమెంటు ఆరడం కోసం చూస్తున్నాడు.

దైవాశీర్వాదం గారు లేచారు. సన్నటి మనిషి, తెల్ల అంగీ. గొంతు చించుకుని మొదలుపెట్టారు. మొదటి మాట వెనక గోడ నుంచి తిరిగొచ్చేసరికి మూడో మాట బయల్దేరుతోంది. అన్నీ మధ్యలో కొట్టుకుని ముద్దయి జనం మీద పడుతున్నాయి. ముందు వరస ఆడవాళ్లు ఆయన పెదాలు చూస్తున్నారు. వెనక వరసలు చూడ్డం కూడా మానేశాయి. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఇంకాస్త గట్టిగా అరిచారు. ముద్ద ఇంకాస్త పెద్దదయింది. ఇరవై నిమిషాల తర్వాత ఓడిపోయినట్టు కూర్చున్నారు.

పెద్దల్లో ఒకాయన, ప్రకాశరావు గారు, తీర్మానం కాగితం పట్టుకుని లేచి, ముందు నన్ను మాట్లాడమన్నారు. మైకు తీసుకున్నాను. దారంతా కూర్చుకున్న మాటలు చెప్పాను. తప్పు నా డిజైనుదని, అయ్యగారి గొంతుకి ఏమీ కాలేదని, నాకు తెలిసీ దాచానని. చెప్పేశాను. బరువు దిగినట్టయింది.

జనం చప్పట్లు కొట్టారు.

ప్రకాశరావు గారు చెమర్చిన కళ్లతో మైకు అందుకున్నారు. "ఇంజినీరు గారు మన అయ్యగారి సేవల గురించి చక్కగా చెప్పేరు," అన్నారు. ఆయనకి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి ఆ మాట నాకు వినపడింది. నా మాట ఎవరికీ వినపడలేదు. నేను కట్టిన గోడలు నా క్షమాపణని కూడా నున్నగా వెనక్కి పంపేశాయి.

ఒక్క మనిషికి వినపడింది. నా పక్కనే కూర్చుని ఉన్న దైవాశీర్వాదం గారికి. ఆయన నా వైపు తిరిగి చూశారు. నోరు విప్పి సంఘానికి తన తరఫున తాను చెప్పుకోలేదు.

ఇక్కడ నేను ఒక నిమిషం పాటు చేసిన ఆలోచన కూడా రాయాలి. చెప్పవలసింది చెప్పానుగా. వినపడకపోతే నేనేం చేయను? మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోవచ్చు. ఆ నిమిషంలో ప్రకాశరావు గారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. ఆయన పక్కనున్న సుజాత టీచరు గారి దగ్గరికి వెళ్లి, "అందర్నీ ఒక్కసారి బయటికి రమ్మనండి," అన్నాను.

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడే. నేను చెప్పింది ఎవరికీ అందలేదు."

ఆమె నన్ను తేరిపార చూసి, మైకు తీసుకోకుండానే వరస వరసకీ వెళ్లి చెప్పారు.

కొబ్బరి చెట్ల కింద

బయట ఎండ. కొబ్బరి చెట్ల నీడలో సగం మంది నిలబడ్డారు, సగం మంది ఇసుకలో కూర్చున్నారు. మైకు లేదు. మళ్లీ చెప్పాను. లోపల కంటే ఇది చాలా కష్టంగా ఉంది. బయట మాటకి తిరిగొచ్చే దారి లేదు. వెళ్లి మనుషుల్లో దిగిపోతుంది, అది వాళ్ల ముఖాల్లో కనపడుతుంది.

ఈసారి చప్పట్లు లేవు. చివర్న ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక ముసలావిడ, మార్తమ్మ, అడిగింది: "తమరికెప్పుడు తెలిసిందండీ?"

"రెండో వారమే."

"మరి అయ్యగారు హైదరాబాదు ఎందుకెళ్లేరండి, డాక్టరు దగ్గరికి?"

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన నాకు సాయం చేయలేదు. చేయకూడదు కూడా.

"ఆయన ఉత్తరం రాసి అడిగారు. గొంతు బాగానే ఉందని నాకు తెలుసు. తెలిసే డాక్టరు అడ్రసు పంపాను."

మార్తమ్మ అంది: "మీరు మనిషేనాండీ?"

ఆ అండీ నేను ఇప్పటికీ మోస్తున్నాను. అది లేకుండా తిట్టి ఉంటే ఇంత లోతుకి దిగేది కాదు.

"ఇప్పుడేం చెయ్యాలండీ? పడగొట్టాలా?" అన్నారు ప్రకాశరావు గారు. అక్కర్లేదని, గోడలకి బెత్తెడు ఎడంగా కిక్కిస దడులు, వాటి వెనక గోనెలు, కిటికీలకి మందపాటి తెరలు, నేల మీద తుంగ చాపలు వేసుకుంటే మాట నిలుస్తుందని చెప్పాను. ఖర్చు నాదేనన్నాను.

"అంటే పాత చర్చిలో ఏవున్నాయో ఇంచుమించు అవే మళ్లీ పెట్టమంటన్నారు."

"అవునండీ."

"దానికి ఇంత చదువు చదివేరన్నమాట," అన్నారాయన. తర్వాత చేతిలో తీర్మానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపి, జేబులో వేసుకున్నారు. ఎవర్నీ ఓటు అడగలేదు. ఎవరూ అడగమనలేదు.

దైవాశీర్వాదం గారు చెయ్యి గొంతు మీద పెట్టుకున్నారు. "అయితే నా గొంతు బాగానే ఉందన్నమాట!" అన్నారు.

అన్నారు అనడం తప్పు. అరిచారు. ఏడాది పైగా అరవడమే మాట్లాడటం అయిపోయిన మనిషి. కొబ్బరి మట్టల మీంచి కాకులు లేచిపోయాయి. ఇసుకలో కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"అయ్యగారూ, నెమ్మదిగా అండి," అంది మార్తమ్మ. "మేం ఇక్కడే ఉన్నాం కదండీ."

ఆయన మళ్లీ ప్రయత్నించారు. కాస్త తగ్గింది, ఇంకా ఎక్కువే. ఎవరో ఆడపిల్ల నవ్వింది, తల్లి మోచేత్తో పొడిచింది. ఆయన కూడా నవ్వబోయి, ఆపుకుని, కొంచెంసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. నా వైపు చూడలేదు. బయటికి వచ్చాక మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తారని ఆశపడ్డానంటే అది కూడా నా తప్పుల్లో ఒకటి.

మూడోసారి ఆయన ప్రసంగం చేయలేదు. పక్కింటి మనిషిని పలకరించినట్టు, మామూలు గొంతుతో, "మార్తమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు.

ఆవిడ అందరికంటే వెనక, ఇసుకలో కూర్చుని ఉంది. లేవలేదు, ముందుకి వంగలేదు, ఏమన్నారండీ అని అడగలేదు. "ఎడంది కాస్త నయమండి," అంది.